మధుమేహము - మతిమరపు

కార్తిక సోమవారమునాడు కోనసీమలో పెద్దలు వేకువనే గోదావరిలోనో, కాలువలోనో స్నానము చేసి, నక్షత్రదర్శనమగువరకు ఉపవసింతురు. అట్టి యింట మధుమేహము గల తాతగారొకరు ఉన్నారనుకొందము. ప్రొద్దుటి మాత్ర వేసికొనిరి, అన్నము మానిరి. మధ్యాహ్నము తిరుగునప్పటికి చెమటలు పట్టినవి, చేతులు వణకినవి, మనుమరాలిని వేరొక పేర పిలిచిరి. "వయసు మీద పడినది" అని యింటివారనుకొందురు. అది వయసు కాకపోవచ్చునని చెప్పుటయే నేటి మా ఉద్దేశము.

మెదడు దేహపు బరువులో నూటికి సుమారు 2 పాళ్లు. కాని విశ్రాంతివేళ దేహము వ్యయపరచు శక్తిలో సుమారు 20 పాళ్లు దానికే కావలెను. ఒక నాడీకణము మరియొకదానికి వార్త నంపుటకు సోడియము, పొటాసియము అణువులు విద్యుదావేశముతో కణపు పొరను దాటవలెను. వార్త ముగియగనే వానిని మరల యథాస్థానములకు చేర్పవలెను. ఈ పనికి ఇంధనము ఏటీపీ యను పదార్థము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కెతో కలిసి 1929లో దీనిని కండరమునుండి వేరుపరచి ప్రకటించిరి. మెదడు ఈ ఇంధనమును ముఖ్యముగా రక్తములోని చక్కెరనుండియే చేసికొనును. దాచుకొను నిలువ స్వల్పము. కావుననే చక్కెర పడిపోగానే వార్తలు తడబడును, మాట తప్పును.

చక్కెర హెచ్చినను చేటే. నీరు చాలకున్న చేను ఎండును, నిలిచిన కుళ్లును. ఇది డెల్టా రైతుకు తెలియనిది కాదు. ఏండ్ల తరబడి హెచ్చిన చక్కెర మెదడులోని సన్నని రక్తనాళములను చెరచును. మరియొక సంగతి కలదు. నాడీకణములు చక్కెరను చాలవరకు ఇన్సులిన్ తోడు లేకయే గ్రహించును. ఐనను, జ్ఞాపకములు కుదురుకొను తావున ఇన్సులిన్ కణములమధ్య సంధులను బలపరచుటకు తోడ్పడును. కణములు దాని మాట విననిచో ఆ తోడ్పాటు సన్నగిల్లునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. లాన్సెట్ వైద్యపత్రిక సంఘము 2024లో, వార్ధక్యమున మతి చెడుటకు గల, మార్చుకొన వీలగు 14 కారణములలో మధుమేహమును చేర్చినది. మధుమేహులందరికి మతి చెడునని దీని భావము కాదు. జాగ్రత్త పడుటకు తావున్నదని భావము.

మతి తప్పినవారు వేసికొన్న మాత్రను మరచి మరల వేసికొందురు. దానివలన మతి మరింత తప్పును. ఈ చుట్టును త్రెంచవలసినవారు ఇంటివారే. వారములోని దినములకొక్కొక్క అర గల పెట్టెలో మాత్రలుంచి, ఒకరు చూచుచుండవలెను. ఉపవాసమునకు ముందుగానే వైద్యుని అడుగవలెను. మాత్రలను తమంత తాము మానరాదు. చెమటయు తడబాటును కనిపించినచో, మ్రింగగలిగియున్నంతలో మూడు నాలుగు చెంచాల చక్కెర నీటిలో కలిపి యీయవలెను. పావుగంటలో తేరుకొననిచో మరల ఈయవలెను. తేరుకొన్న పిదప ఆహారము పెట్టవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయక తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.

తాతగారు వ్రతభంగమని వారింపవచ్చును. ప్రాణము నిలుపుటకు త్రాగిన చక్కెరనీటికి శివుడు కోపింపడని ఆయనకు నచ్చచెప్పుడు. వచ్చు సోమవారమునకు ముందే చెప్పుట మరింత మేలు.