కవుల పేర్లు వ్రాసి పెట్టిన సురవరం

(అండమాన్ దీవులలోని తెలుగు కార్మికుల సాహిత్య గోష్ఠిలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



పని దిగి, ఇంటికైనా పోకుండా, నేరుగా ఈ గోష్ఠికి వచ్చినవారు మీలో చాలామంది ఉన్నారు. రేవునుండి వచ్చినవారు ఉన్నారు, 1883లో నెలకొల్పిన చాథం కోతమిల్లు పక్కవాడల నుండి వచ్చినవారు ఉన్నారు, తెల్లవారుజామున మళ్ళీ పడవ ఎక్కవలసినవారు ఉన్నారు. కనుక ఉపోద్ఘాతము పెంచబోము. సురవరం ప్రతాపరెడ్డిగారి గురించి మాట్లాడవలెనని నిశ్చయించుకొన్నాము.

సభ మొదలు కాకముందే ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశారు. "ఇక్కడ మనవాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలవారు గదా, గురజాడనో గిడుగునో విడిచిపెట్టి పాలమూరు కవి ఎందుకండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబే ఈ ప్రసంగము.

మస్టరు రోలు అంటే ఏమిటో మీకు మేము చెప్పనవసరము లేదు. ఎండలో రోజంతా చాకిరీ చేసినా ఆ కాగితములో పేరు లేకపోతే పని చేయనట్టే లెక్క. కూలి లేదు, సెలవు లేదు, దెబ్బ తగిలితే అడిగే హక్కు లేదు. ఒక భాషకూ, ఒక జాతికీ కూడ అటువంటి గతి పట్టవచ్చును. నైజాం రాష్ట్రములోని తెలుగువారికి అది పట్టింది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలో జరిగేది. కచేరీ భాష ఉర్దూ. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభలో ఒక వక్త తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టినారు. ఆ అవమానమునుండే ఆంధ్ర జన సంఘము పుట్టింది.

ప్రతాపరెడ్డిగారు 1896లో జన్మించారు. మీరు రోజూ చూస్తూ నడిచిపోయే సెల్యులర్ జైలు నిర్మాణము మొదలైనది కూడ ఆ సంవత్సరమే. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు, ఏడు జ్ఞాపకముండుటకు చెప్పినాము. ఆయన న్యాయశాస్త్రము చదివినారు. సంస్కృతము, ఉర్దూ, పారశీకము ఎరిగినవారు. వకీలుగా సుఖముగా బ్రతుకగలిగి యుండియు 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించినారు.

పత్రిక నడుస్తుండగా ఒక మాట వినవచ్చినది. తెలంగాణములో తెలుగు కవులు లేరట! అన్నది పరాయివాడు కాదు, తెలుగు పండితుడే. ఇటువంటి మాటకు మనలో చాలామంది ఏమి చేస్తారు? ఘాటైన ఖండన వ్యాసము వ్రాస్తారు. అవతలివారు మరొకటి వ్రాస్తారు. ఆరు నెలలకు రెండూ పాతకాగితముల బేరగానికి చేరుతాయి. ప్రతాపరెడ్డిగారు కలము దూయుటకు బదులు తలుపు తెరిచినారు. ఊళ్ళలోని కవులను పద్యములు పంపవలసినదిగా పత్రిక ద్వారా కోరినారు. వచ్చినవాటిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినారు. అందులో 354 మంది కవులున్నారు. సంస్థానముల అండనున్న పండితులున్నారు, పల్లెలలో పేరు తెలియక పడియున్నవారున్నారు, స్త్రీలు కూడ ఉన్నారు. ఆ సంఖ్య చూచిన తరువాత ఇక వాదించుటకు ఎవరికీ ఏమీ మిగులలేదు.

సంకలనకర్త సృష్టికర్త కాడని, ఇతరుల పూలు ఏరి దండ గుచ్చేవాడేనని ఒక అభిప్రాయము ఉన్నది. మేము ఒప్పుకొనము. 354 పేర్లు విడివిడిగా ఉన్నంతకాలము ఎవరి ఊరిలో వారు ఒంటరి కవులు. ఒక అట్ట కింద చేరిన నాడు వారు ఒక సమూహమైనారు. ఒంటరి కూలికీ సంఘములోని సభ్యునికీ ఉన్న భేదము మనకు తెలుసు గదా! లేని సమూహమును ఉన్నదిగా చేయుట సృష్టి కాకపోతే మరేది సృష్టి?

ఇక ఆయన సొంత రచనల మాట. మాకు ఎక్కువ ఆశ్చర్యము కలిగించేది ఆ చేతిలో ఇమిడిన పనిముట్ల సంఖ్య. పద్యము వ్రాసినారు. ఉచ్ఛల విషాదము, భక్త తుకారాం అను నాటకములు వ్రాసినారు. మొగలాయి కథలలో పాతకాలపు దర్బారు తీరును, అధికారుల చేష్టలను నవ్వుతూ చూపినారు. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు అను గ్రంథములలో పరిశోధకుడై ప్రశ్నలు వేసినారు. వీటన్నిటికీ తోడు పత్రికలో సంపాదకీయములు. పైగా మారుపేర్లతో మరెన్నో రచనలు. ఇన్ని ప్రక్రియలు చేపట్టుట ఒక కవి తన నేర్పు ప్రదర్శించుకొనుటకు చేసిన పని అని మాకు తోచదు. వడ్రంగి సంచిలో ఉలి, బాడిస, చిత్రిక అన్నీ ఉంటవి. కర్ర ఏది కోరితే అది బయటికి తీస్తాడు. సూటిగా అంటే ముప్పు తెచ్చే మాటను కథలో పెట్టవచ్చును. చదువురానివానికి చేర్చవలసిన మాటకు నాటకము ఉన్నది. ప్రక్రియను నిర్ణయించినది విషయము, ఆ విషయము ఎవరికి చేరవలెనన్న ఆలోచన.

ఈ దృష్టికి పరాకాష్ఠ 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. రాజులు, యుద్ధములు, పట్టాభిషేకములే చరిత్రగా చెలామణి అవుతున్న రోజులలో, జనము ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలాడినారు, ఏ వర్తకము చేసినారు అని ఆయన అడిగినారు. జవాబు కొరకు శాసనములతో ఆగక కావ్యములను గాలించినారు. పాల్కురికి సోమనాథుని గ్రంథములు, క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి మొదలైనవాటిలో ఇతరులు శృంగారమును, అలంకారములను వెదకగా ఆయన అంగళ్ళను, వంటలను, వృత్తులను వెదకినారు. ఇదియు సంకలనమే: కావ్యముల నుండి సామాన్యుల జీవితమును ఏరి కూర్చుట. కవి కానివానికి ఆ చెవి ఉండదు, సంకలనకర్త కానివానికి ఆ ఓపిక ఉండదు. 1953లో ఆయన మరణించినారు. 1955లో ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. తెలుగులో ఆ పురస్కారము పొందిన మొదటి గ్రంథము అదే.

లోపము చెప్పకుండా మెచ్చుకొనుట మా అలవాటు కాదు. గోలకొండ కవుల సంచికలో అధికభాగము ఛందోబద్ధమైన పద్యము. అందులో అన్నీ గొప్ప పద్యములు కావు. కొన్ని పంక్తులు తూకము సరిపెట్టుటకు వచ్చిన మాటలతో నిండినవి. నాట్లు వేసే చేతుల పాట, తిరుగలి పాట ఆ గుమ్మము దాటి అంతగా లోపలికి రాలేదు. అయితే, నాడు ఎదురైన ప్రశ్న పద్యకవులు లేరన్నది. జవాబు పద్యములోనే ఇవ్వవలసి వచ్చినది. మిగిలినది మన వంతుకు మిగిలినది.

ఈ దీవులకు వద్దాము. 1857 తిరుగుబాటు తరువాత ద్వీపాంతర శిక్షపడి వచ్చి, 1861లో ఈ గడ్డమీదనే కన్నుమూసిన పండితకవి ఫజల్-ఎ-హక్ ఖైరాబాదీ కథ వినండి. ఆయన బొగ్గుతో గుడ్డపీలికల మీద అరబ్బీలో వ్రాసుకొన్నాడనీ, విడుదలైన తోటి ఖైదీ వాటిని దాచి తీసుకొనిపోయి ఆయన కుమారునికి చేర్చాడనీ చెప్పుకొంటారు. కాగితము దొరకని సావర్కరు జైలు గోడలమీద గీకి, కంఠస్థము చేసినాడు. మోసుకొనిపోయే మనిషి, నిలుపుకొనే జ్ఞాపకము ఉన్నందువల్ల అవి బ్రతికినవి. గోడలకు సున్నము వేసినప్పుడు ఎవరివి ఎన్ని పోయినవో!

మనము ఇక్కడ కొద్దిమందిమి కాము. 2011 జనాభా లెక్కలలో ఈ దీవుల 3,80,581 మందిలో సుమారు 13 శాతము తెలుగు మాతృభాషగా వ్రాయించుకొన్నవారు. పోర్ట్ బ్లెయిరు అని మన పెద్దలు ఉత్తరముల మీద వ్రాసిన ఊరికి 2024లో శ్రీ విజయపురము అని పేరు మారినది. ఊరి పేరు మారితే గెజెట్టులో వస్తుంది. వల లాగేటప్పుడు పాడే పాటలో ఒక చరణము పోతే ఏ గెజెట్టులోనూ రాదు. పెద్దపడవలకు మోటార్లు వచ్చినవి, ఒక్క ఊపున లాగవలసిన అవసరము తగ్గినది, హైలెస్సా అనే గొంతులు తగ్గినవి. ఓడలో వచ్చిన తొలినాళ్ళ సంగతులు పాటకట్టి పాడిన ముసలమ్మలు ఒక్కరొక్కరే వెళ్ళిపోతున్నారు. వారి మనుమలు హిందీలో చదువుకొంటున్నారు. అది తప్పు అనము, అయితే అవ్వ పాట వారికి సగమే అర్థమవుతున్నది.

అందువల్ల గుమ్మము దగ్గర బల్లమీద ఒక లావుపాటి రూళ్ళ నోటుపుస్తకము పెట్టినాము. మూడు గళ్ళు గీసినాము: పాడినవారి పేరు, స్వగ్రామము, పాట. పద్యమైనా, కూనిరాగమైనా, పొడుపుకథ అయినా సరే. వ్రాయటము రానివారికి వ్రాసిపెట్టుటకు ఇద్దరు యువకులు కూర్చుని ఉన్నారు. మీరు రాకముందే మొదటి పుట నిండినది. ఒక మత్స్యకార వృద్ధురాలు పద్నాలుగు చరణములు ఆగకుండా చెప్పినది. పేరు అడిగితే, "ముందు మా ఊరు రాయి బాబూ, పేరు తరవాత" అన్నది. ఊరు వ్రాసుకొన్నారు. అంతలో మనుమడు పిలిస్తే లేచి వెళ్ళింది. ఆమె పేరు గడి ఇంకా ఖాళీగా ఉన్నది. ఆమెను ఎరిగినవారు సభలో ఎవరైనా ఉంటే, వెళ్ళేటప్పుడు అది వ్రాసి వెళ్ళవలసినదిగా కోరుతున్నాము.