బొమ్మ మీద నేర్చిన చేయి
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నర్సింగు చదివే మన పిల్లలకు సూదిమందు వేయడం మేము ముందు బొమ్మ మీదనే నేర్పుతాము. ఇది కొత్త పద్ధతేం కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రిలో 1911లోనే నర్సుల శిక్షణకు ‘మిసెస్ ఛేజ్’ అనే నిలువెత్తు బొమ్మ వచ్చింది.

అయితే, అలా నేర్చిన పిల్లకు ధైర్యం వచ్చిందా లేదా? అది తెలుసుకోవడానికి ఆ దేశపు నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్ వారి ప్రశ్నావళి ఒకటి ఉంది. అందులో 13 వాక్యాలు: 5 తృప్తి గురించి, 8 ఆత్మవిశ్వాసం గురించి. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు గుర్తు పెట్టాలి.

తెలుగులోకి దించేస్తే సరిపోదా అంటారు. సరిపోదు. ‘కాన్ఫిడెన్స్’ను ‘నమ్మకం’ అని రాశామనుకోండి. మన అమ్మాయి ‘అల్లాహ్ మీద నమ్మకముంది’ అనుకుని 5 పెట్టేస్తుంది. సూదికి నరం పట్టగలనన్న ధీమా ఉందో లేదో మనకు తెలియనే తెలియదు.

అందుకని ఒకరు తెనిగించాలి. మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషు చేయాలి. రెండూ పోల్చాలి. అనుభవమున్న నర్సులు ప్రతి వాక్యాన్నీ తూచాలి. కొద్దిమంది విద్యార్థినుల చేత చదివించి, ఏమర్థమైందో వాళ్ల నోటే చెప్పించాలి. ఆ తర్వాతే ఎక్కువమందికిచ్చి, జవాబులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని లెక్క కట్టాలి.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఇటువంటి కాగితం చేతికొస్తే, మార్కులు పోతాయని అన్నిటికీ 5 పెట్టవద్దని మీ పిల్లలకు చెప్పండి. భయముందని నిజం రాసిన పిల్లకు బొమ్మ దగ్గర మళ్లీ నేర్పవచ్చు. దాచిన భయం రోగి మంచం దగ్గర బయటపడుతుంది.

అల్లాహ్ మన బిడ్డల చేతికి షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.