స్కాన్ చేసి తాళమేస్తే ఎట్ల?

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉస్మానియా లైబ్రరీ పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో చూసినవాళ్లకు ఒక చీటీ గుర్తుండే ఉంటది. 'ఈ పుస్తకం తడిసింది' అని ఇంగ్లీషుల పెద్దక్షరాలు. ఇంకోదాని మీద 'పేజీలు పోయినయి' అని. 2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట స్కానింగ్ జరిగినప్పుడు పెట్టిన చీటీలవి. అవి రాసిన మనిషికి మేం దండం పెడుతున్నం. ఉన్నదున్నట్టు చెప్పిండు.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు తిట్టుకుంట కూర్చోలేదు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేసి ముందట పెట్టిండ్రు. 2009లో ఆర్ట్స్ కాలేజీ ముందు మేం గొంతులు చించుకున్నప్పుడు గూడ మా మాటకు బలం అసొంటి కాగితాలే. 2014లో రాష్ట్రం వచ్చింది. ఆ కబురు చెదపురుగులకు ఇంకా అందలేదు.

అచ్చయిన పుస్తకం ఒకచోట పోతే ఇంకోచోట దొరకొచ్చు. అచ్చుగాని రాతప్రతి ఒక్కటే ఉంటది. తాటాకు కట్ట దారం విప్పినంక వరుస తప్పిందంటే, ఆకుల మీది అంకెలు చదవొచ్చినోడు పక్కన లేకపోతే, ఎన్ని ఫోటోలు తీసినా దండుగే. ఉర్దూ సంగతి ఇంకా కష్టం. 1917లో పెట్టిన దారుల్ తర్జుమా అనువాదాలతోని ఉస్మానియాలో సైన్సు, వైద్యం ఉర్దూలో చెప్పిండ్రు. ఆ పుస్తకం పేరే చదవరానివాడు కేటలాగులో ఏం రాస్తడు? తెలుగుకే దిక్కులేదు. అప్పటి స్కానింగులో తెలుగు పేర్లను ఇంగ్లీషక్షరాల్లో కొట్టిండ్రు, ఒక్కొక్కరు ఒక్కో తీరు. పుస్తకం ఉంటది, వెతికితే దొరకదు.

ఒక లైబ్రరీలో మేం అడిగితే 'స్కాన్ అయింది' అన్నరు. చూపించమంటే హార్డ్‌డిస్కు బీరువాలో ఉంది, తాళంచెవి సారు దగ్గరుంది, సారు సెలవులో ఉన్నరు! పేజీల లెక్క మాత్రం పైకి పోయింది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు గూడ కాపీరైటు గొడవతో 2017 నాటికి మూతబడ్డది. ఎవరో పుణ్యాత్ములు ఆ ఫైళ్లను ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌కు ఎక్కించబట్టి మనకు మిగిలినయి. కాపీరైటు సాకు అన్నిటికీ చెల్లదు. రచయిత పోయిన ఏడాది దాటినంక 60 ఏండ్లు, అంతే. సురవరం వారు 1953లో పోయిండ్రు. 2014 జనవరి నుంచి వారు రాసినయి అందరివీ. మరి అసొంటివాటికి తాళమెందుకు?

ఉద్యోగ సంఘాల మిత్రులు ఈ మాట అధికారుల ముందట పెట్టాలె. కేటలాగు తెలుగులో, ఉర్దూలో కావాలె. ఫైళ్లు ఒక్కచోట గాదు, రెండు మూడు చోట్ల ఉండాలె. విద్యార్థులకు వేరే పని ఉంది. మన బస్తీల్లో, ఇండ్లల్లో ఉర్దూ చదువొచ్చిన పెద్దమనుషులు ఇంకా ఉన్నరు. వాళ్లను చెయ్యిపట్టి లైబ్రరీకి తోలుకరాండ్రి. ఆ బీరువాల ముందట కుర్చీ మేమేస్తం.