కంపైలర్ ఫైలును ఎలా వెతుకుతుంది?



సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుండి మగ్గాల పనికి వెళ్ళి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఊరి నుండి కొత్తగా వచ్చిన ఒక మనిషి అక్కడి లింబాయత్‌లో దిగి, "శ్రీనివాస్ ఇల్లెక్కడ?" అని అడిగాడనుకోండి. మొదట కనబడిన శ్రీనివాస్ ఇంటికే అతన్ని చేరుస్తారు. అతనికి కావలసిన శ్రీనివాస్ పక్క వీధిలో ఉండవచ్చు! కంపైలర్ పద్ధతి కూడా ఇదే.

సి భాషలో 'హాష్ ఇన్‌క్లూడ్' అని రాసి ఒక ఫైలు పేరు ఇస్తాము. ఆ ఫైలు ఏ డైరెక్టరీలో ఉందో చెప్పము. దానిని వెతికే పని ప్రీప్రాసెసర్‌ది. ఏయే డైరెక్టరీలలో, ఏ వరుసలో వెతకాలో తెలిపే జాబితానే 'సెర్చ్ పాత్', అనగా అన్వేషణ మార్గం అంటారు.

జీసీసీ కంపైలర్‌ను తీసుకుందాం. ఫైలు పేరును కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే, ఆ ఆదేశం ఉన్న ఫైలు డైరెక్టరీలో ముందుగా చూస్తుంది. అక్కడ లేకపోతే 'మైనస్ ఐ' ఆప్షన్‌తో మనమిచ్చిన డైరెక్టరీలలో ఎడమ నుండి కుడికి వరుసగా వెతుకుతుంది. చివరకు సిస్టమ్ డైరెక్టరీలకు వెళుతుంది. యాంగిల్ బ్రాకెట్లలో రాస్తే మొదటి మెట్టు ఉండదు. ఈ వివరాలను సి ప్రమాణం కంపైలర్‌కే వదిలివేసింది. కనుక వేరే కంపైలర్‌లో వరుస కొంత మారవచ్చు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటి: మొదట దొరికినదే తీసుకుంటుంది, అంతటితో వెతకడం ఆపుతుంది.

దీనివల్ల ప్రమాదమేమిటి? జకార్డ్ మగ్గానికి డిజైన్ పంపే ప్రోగ్రాము ఒకటి రాశారనుకుందాం. 'పాత' అనే డైరెక్టరీలోని హెడర్‌లో కొక్కాల సంఖ్య 1344. 'కొత్త' డైరెక్టరీలో అదే పేరుగల హెడర్‌లో 2688. ఆదేశంలో 'పాత'ను ముందు రాస్తే కంపైలర్ 1344నే తీసుకుంటుంది. ఏ దోషమూ చూపదు. ప్రోగ్రాము నడుస్తుంది, కాని డిజైన్‌లో సగం కొక్కాల సమాచారం మగ్గానికి చేరదు. ఫైలు దొరకకపోతే కంపైలర్ వెంటనే చెబుతుంది. తప్పు ఫైలు దొరికితే మాత్రం చాలాసార్లు మౌనంగా ఉంటుంది. ఈ మౌనమే ఎక్కువ నష్టం చేస్తుంది.

మరి దీన్ని కనిపెట్టేదెలా? జీసీసీకి 'మైనస్ వి' ఇస్తే, వెతికే డైరెక్టరీల జాబితాను వరుసలో చూపుతుంది. 'మైనస్ పెద్ద హెచ్' ఇస్తే, నిజంగా వాడిన ప్రతి హెడర్ పేరునూ దాని దారితో సహా ముద్రిస్తుంది. అనుమానం వచ్చినప్పుడు ప్రోగ్రాము దిద్దబోయే ముందు ఈ రెండూ చూడండి.

మీ ప్రయోగశాలలో ఒక చిన్న పరీక్ష చేయండి. మీ డైరెక్టరీలో 'స్ట్రింగ్ డాట్ హెచ్' అనే ఖాళీ ఫైలు సృష్టించండి. అదే పేరును యాంగిల్ బ్రాకెట్లలో రాసి, 'ఎస్‌టిఆర్ఎల్ఇఎన్' ఫంక్షన్‌ను వాడే ప్రోగ్రాము రాయండి. మామూలుగా కంపైల్ చేస్తే ఇబ్బంది ఉండదు. ఇప్పుడు 'మైనస్ ఐ' తరువాత ఒక చుక్క పెట్టి మళ్ళీ కంపైల్ చేయండి. చుక్క అంటే ప్రస్తుత డైరెక్టరీ. ఫంక్షన్ ప్రకటన లేదని కంపైలర్ ఫిర్యాదు చేస్తుంది. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.