పాత లెన్స్, కొత్త కెమెరా

సోవియట్ యూనియన్‌లో తయారైన హీలియోస్ 44-2 లెన్స్ ఇంట్లో ఎక్కడైనా ఉంటే పారేయకండి. జర్మనీ జైస్ కంపెనీవారి బయోటార్ నమూనాతో చేసిన 58 మిల్లీమీటర్ల లెన్స్ అది. నేటి మిర్రర్‌లెస్ కెమెరాలకు చక్కగా పనికొస్తుంది.

ఎలాగంటే, ఆ లెన్స్ బిగించే అంచుకూ ఫిల్ముకూ మధ్య 45.46 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. సోనీ ఇ-మౌంట్ కెమెరాలో సెన్సర్ దాకా ఉన్నది 18 మాత్రమే. మిగతా 27 మిల్లీమీటర్ల పైచిలుకు దూరాన్ని అడాప్టర్ అనే లోహపు గొట్టం పూరిస్తుంది. అందులో అద్దమేమీ ఉండదు. నికాన్ ఎస్సెల్లార్‌లలో ఆ దూరం 46.5, అందుకే వాటికి ఉత్త గొట్టంతో తగిలిస్తే దూరపు కొండలు మసకగానే వస్తాయి.

బిగించాక, ఈ పాత లెన్స్‌ను కెమెరా గుర్తించదు కాబట్టి, లెన్స్ లేకున్నా షట్టర్ పడేలా మెనూలో అనుమతి ఇవ్వాలి. ఫోకస్ పీకింగ్ పెడితే స్పష్టంగా ఉన్న అంచులు తెర మీద రంగుతో మెరుస్తాయి. ఇక ఫోకస్, అపెర్చర్ రెండూ చేత్తో తిప్పుకోవలసినవే. ఎఫ్2 దగ్గర, గుబురు చెట్ల ముందు మనిషిని నిలబెట్టి తీయండి. వెనక ఆకులు సుడి తిరుగుతాయి! ఆ సుడి కోసమే నాకీ లెన్సంటే ప్రాణం.

కొనేముందు టార్చి వేసి లోపల బూజు ఉందేమో చూడండి. మన కోస్తా ఊళ్ల తేమకు అది తొందరగా పడుతుంది.