సిగ్గుపడుచు ఇచ్చుట



నేను పట్టము పుచ్చుకొన్ననాడు ప్రసంగించిన పెద్దమనిషి ఎవ్వరో, ఏమి సెలవిచ్చిరో నాకిప్పుడొక్క ముక్కయు జ్ఞాపకము లేదు. అద్దెకు తెచ్చిన నల్లగౌను మెడవద్ద ఒరసికొని పెట్టిన దురద మాత్రము జ్ఞాపకమున్నది. కావున నేడు పట్టములు స్వీకరించు మీకు నా మాటలు చిరకాలము గుర్తుండునన్న దురాశ నాకు లేదు.

స్నాతకుడనగా స్నానము చేసినవాడు. గురుకులమున విద్య ముగించి, సమావర్తన స్నానము చేసి, శిష్యుడింటికి మరలువేళ గురువు చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి పంపెడివాడు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లియందు అట్టి అనుశాసనమొకటి కలదు. అందు దానమును గూర్చి చెప్పుచు గురువు శ్రద్ధతో ఇమ్మనుటయే గాక, సిగ్గుపడుచు ఇమ్మని కూడ ఉపదేశించును. చేయి చాచువాడు సిగ్గుపడుట లోకమున చూచినదే గాని, ఇచ్చువానికి సిగ్గేల? విద్యార్థిదశలో ఈ సందేహము నన్ను చాలకాలము వేధించెను. పండితుల నడిగితిని, వారు చెప్పిన సమాధానము వ్యాకరణమునకు సరిపోయినదే గాని నా మనస్సునకు సరిపోలేదు. పిమ్మట ముప్పదియవ యేట, గోదావరి డెల్టాలోని ఒక చిన్న పట్టణమున, ఒక నేతగాని ఇంటి అరుగుమీద జరిగినదానివలన అది నాకు బోధపడినది. ఆ అరుగు దగ్గరకు మిమ్ము తీసికొనిపోవుటకు ముందు మరియొక దారిన కొంత దూరము నడిపింపవలసియున్నది.

జీవితమునకు అర్థమేమని నన్నడుగు విద్యార్థులు ఇటీవల అధికమైరి. ప్రశ్న మంచిదే. కాని అర్థము ముందుగా చేతికి చిక్కినగాని పని మొదలుపెట్టమనువారిని చూచినపుడు, ఈత వచ్చిన తరువాతనే కాలువలో దిగెదనని గట్టుమీద కూర్చుండిన పిల్లవాడు నాకు జ్ఞప్తికి వచ్చును. ఈ ప్రశ్న వేసికొనుటకు వైద్యశాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావునకు ఉన్నంత హక్కు మనలో ఏ కొందరికో యుండును. 1895వ సంవత్సరమున భీమవరమున జన్మించిన ఈతడు బాల్యమున చదువునెడ ఏమంత ఆసక్తి చూపినవాడు కాడు. యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనికుడ నగుదునని కాశీకి బయలుదేరి దారిలో పట్టుబడెనని చెప్పుదురు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గట్టెక్కెను. అటుపిమ్మట మనస్సు వైరాగ్యమువైపు మరలి సన్న్యసింపదలచినపుడు తల్లి అనుమతింపలేదు. అందుచే చెన్నపట్టణమున వైద్యకళాశాలలో చేరెను. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించి, దానిచే ఒక ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. తో బయటపడెను. ఇంతలో సోదరులిద్దరు స్ప్రూ అను సంగ్రహణి రోగముచే స్వల్పవ్యవధిలో గతించిరి. ఆ రోగము తన్నును విడువలేదు. పట్టము చిన్నది, ఇల్లు దుఃఖభూయిష్ఠము, దేహము రుగ్ణము. ఆతడు బోస్టను నగరమున ఓడ దిగునాటికి చేతనున్న పెట్టుబడి ఇంతయే.

అచ్చట పగలు చదువు. రాత్రి ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు ఎత్తి కడుగు కొలువు. ఈ ఘట్టమును మన వక్తలు కష్టపడి పైకివచ్చుటకు దృష్టాంతముగా వాడుదురు, వాడి త్వరగా దాటిపోవుదురు. నాకు మాత్రము అచ్చటనే నిలువవలెననిపించును. ఆ పాత్ర తీయుట ఎట్లో ఆసుపత్రిలో పనిచేసినవారెరుగుదురు: రోగి నడుమును ఒక చేతితో నెమ్మదిగా పైకెత్తి, రెండవచేత పాత్రను ఒలుకకుండ లాగి, గుడ్డ కప్పి, అతని ముఖము చూడకుండ నడచిపోవలెను. ముఖము చూచినచో అతడు సిగ్గుపడును. వైద్యపట్టము పొందిన ఒక మనుష్యుడు, రాత్రి వెంట రాత్రి, ఈ పని చేసి తెల్లవారి ప్రయోగశాలకు పోయెను. ఆ రెండు పనులలో ఒకటి హీనము, మరియొకటి ఘనము అని ఆతడెంచినాడో లేదో చెప్పజాలను. రెంటియందును చేయి వణకరాదను సంగతి మాత్రము ఒక్కటియే.

తరువాతి కథ మీ పాఠ్యపుస్తకములలో కొంత యున్నది. రక్తమున భాస్వరము పాలెంతో కొలుచుటకు ఫిస్క్ అను శాస్త్రజ్ఞునితో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి లోకమంతట ప్రయోగశాలలలో దశాబ్దముల తరబడి నిలిచెను. 1927లో కండరములోని ఫాస్ఫోక్రియాటిన్ను గూర్చి వ్రాసిరి. ఇంత చేసినను తాను పనిచేసిన విశ్వవిద్యాలయమున స్థిరోద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థకు పోయి, అచ్చటి పరిశోధకులకు నాయకుడై, ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా సిద్ధపరచుటలో కృతకృత్యుడయ్యెను. అది తన సోదరులను బలిగొన్న రోగమునకే మందు! అందుండి పుట్టిన మెథోట్రెక్సేటు నేటికిని కాన్సరు రోగులకిచ్చుచున్నారు. బోదవ్యాధికి ఆతని బృందము సిద్ధపరచిన హెట్రజాను మందు 1947 నాటిది. మరుసటి యేట, ఏబదిమూడేండ్ల ప్రాయమున, నిద్రలోనే ప్రాణము విడిచెను. పేరుప్రతిష్ఠలనిన వెనుకకు తగ్గెడి స్వభావమగుటచే, స్వదేశమున ఆతని పేరెరుగనివారే అధికముగా నుండిరి. ఇప్పటికిని ఆ స్థితి అంతగా మారినదని నేననుకొనను.

ఇచ్చట ఒక మాట. స్నాతకోత్సవములలో దీనిని చెప్పరు గాని నేను చెప్పెదను. కొలది సంవత్సరములలో మరలి వత్తునని పోయిన ఆ మహానుభావుడు మరల స్వదేశమున అడుగిడలేదు. ఆయన పోయిన తరువాత పుట్టిన బిడ్డ తండ్రిని ఎరుగకయే కన్నుమూసెను; భార్య శేషగిరిగారు ఇరువదియైదేండ్లు ఎదురుచూచుచునే యుండిరి. లోకమునకు మేలు చేసెను గావున ఇంటికి చేసిన లోటు మాసిపోయెననుట నాకు సమ్మతము కాదు. ఆ మందులలో ఆమె పాలు కూడ కలదు. ఆమెను ఎవ్వరును అడిగి తీసికొనలేదు, అంతే భేదము.

ఇక అరుగు దగ్గరకు వత్తము. నేను బోదవ్యాధి నిర్మూలనశాఖలో చేరిన దినములవి. ఆ వ్యాధిక్రిములు పగలు లోపలి అవయవములలో దాగియుండి రాత్రివేళ చర్మము క్రింది రక్తమునకు వచ్చును. కావున భోజనములైన పిమ్మట లాంతరు పట్టుకొని వీధి వీధి తిరిగి, నిద్రించు పిల్లల వ్రేళ్లు కూడ సూదితో పొడిచి, గాజుపలకలమీద నెత్తురుబొట్లు తీసికొనెడివారము. కుక్కలు మొరిగెడివి, ముసలమ్మలు శాపనార్థములు పెట్టెడివారు. మరునాడు ఆ పలకలను నీట ముంచి ఎరుపు పోగొట్టి, రంగువేసి సూక్ష్మదర్శినిలో చూచినచో, తెగిన దారపుముక్కలవలె క్రిములు ఒంపులు తిరిగి కనబడెడివి.

ఒకనాడట్లు కనబడిన నెత్తురు ఒక నేతగానిది. హెట్రజాను బిళ్లలు తీసికొని సాయంకాలము వానింటికి పోయితిని. గుంటమగ్గములో కూర్చుండి నాడె ఆడించుచున్నవాడు నన్ను చూచి పైకి లేచి అరుగుమీదికి వచ్చెను.

“నాకేం జబ్బండీ బాబూ, రాయిలాగున్నాను గదండీ.”

నిజమే. చాలమందిలో ఆ క్రిములు బాధ లేకయే యేండ్లపాటు నివసించును. వాని నెత్తురు త్రాగిన దోమ ఇంకొకనిని కుట్టినచో ఆతనికి సంక్రమించునని చెప్పితిని. మ్రింగిన ఏమగునని వాడడిగెను. క్రిములు చచ్చునపుడు ఒకటిరెండు దినములు జ్వరము, తలనొప్పి, ఒళ్లునొప్పులు రావచ్చునని దాచకుండ చెప్పితిని.

“అంటే రెండ్రోజులు మగ్గం ఆడదన్నమాట.”

బట్ట దిగినగాని కూలి రాదు. వాడు మాటాడక ప్రక్కయింటివైపు చూచెను. అచ్చట అరుగుమీద ఒక పెద్దాయన, దిండువలె పొంగిన ఎడమకాలిని చాపుకొని కూర్చుండియుండెను. ఆయనయు నేతగాడే. ఆ కాలు గుంటలో పట్టదు, తొక్కుడుచెక్కపై మోపజాలదు.

“ఈ మందుకి మా బాబాయి కాలు తగ్గుద్దాండీ?”

తగ్గదంటిని.

“మరి ఆళ్ళ మనవరాలికి రాకుండా ఉంటదా?”

ఇట్టివారందరు మ్రింగినచో రాకుండునని చెప్పితిని. వాడు అరచేయి చాచి, లోపలికి చూచి, “ఓ చెంబుడు మంచినీళ్ళట్టుకురా” యని కేకవేసెను.

నా సంచిలోని బిళ్లలు ప్రభుత్వమువి, నా జీతము ప్రభుత్వమిచ్చినది. ఎక్కడనో వేలమైళ్ల దూరమున తన దినములను ధారపోసిన భీమవరపు మనుష్యుని పేరు ఆ వీధిలో ఎవ్వరికిని తెలియదు. ఆ బిళ్ల వానికిని మేలు చేయునదే యైనను ఆ మేలు వాని కంటికి కనబడునది కాదు. కంటికి కనబడునది రెండు దినముల కూలి. దానిని ఇచ్చినవాడు వాడు, చేయి చాచినవాడును వాడే. నేను బిళ్లలు వాని అరచేతిలో ఉంచునపుడు నా ముఖము ప్రక్కకు తిరిగినది. ఉపనిషత్తులోని ఆ మాట నాకప్పుడు తోచలేదు, ఇంటికి పోవు త్రోవలో తోచినది.

మరునాటి రాత్రి మరల పోయి చూచితిని. వాడు చాపమీద జ్వరముతో మూలుగుచుండెను. వాని భార్య నన్ను తిట్టిన తిట్లు ఈ సభలో చెప్పదగినవి కావు. అందొక్కటియు అన్యాయము కాదు. మగ్గము ప్రక్కన పెద్దాయన కూర్చుండి, ఆ కాలిని గడపవారగా చాపి, రాట్నముపై కండెలు చుట్టుచుండెను. అప్పటికే ఒక చిన్న బుట్ట నిండినది. ఈ వేళప్పుడు ఎందుకని అడిగితిని.

ఆయన దారమునుండి చూపు మరల్చలేదు. “ఆడు లేచేసరికి అందాలి గదండీ. ఆ లాంతరు కాస్త ఇటు పెట్టండి బాబూ, పోగు ఆనట్లేదు.”

పెట్టితిని.