లెక్క అప్పగించుటయే నాయకుని ధర్మము
(మహాకుంభాభిషేక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆలయ జీర్ణోద్ధరణము పూర్తియైన ఈ శుభవేళ, సంస్థలను నడుపువారికి ఉండవలసిన ధర్మమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినారు. నేను వేదపాఠశాలలో చదివినవాడను. వ్యాపార నిర్వహణ నాకు తెలియదు. నిత్యము చేయు క్రతువునుండియే ఒక మాట మనవి చేసెదను.

హోమమున ఆహుతి పడిన ప్రతిసారియు యజమాని 'ఇది నాది కాదు' అను అర్థము గల త్యాగవాక్యమును పలుకవలెను. నేడు సంస్థకు అధిపతియైన వానిని కూడ యజమాని అనుచున్నాము. ఆ పదము యజ్ఞముతో పుట్టినది. 'నాది' అనగలవాడే యజమాని అని లోకము తలచుచున్నది. 'నాది కాదు' అనువాడే యజమాని అని క్రతువు చెప్పుచున్నది.

కంచర్ల గోపన్నగారి కథ మీరెరిగినదే. 17వ శతాబ్దమున గోలకొండ ప్రభువు తానీషా కాలమున ఆయన పాల్వంచ పరగణాకు తహశీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాద్రిపై రామాలయము కట్టించి చెరపాలైనాడు. బాకీ ఆరు లక్షల మొహరీలనియు, చెర పన్నెండేండ్లనియు పెద్దలు చెప్పుదురు. ఆ కథలో మనము అంతగా గమనింపని విషయమొకటి కలదు. శ్రీరాముడు తలచినచో తానీషా మనస్సు మార్చి బాకీ కొట్టివేయింపలేడా? అట్లు చేయలేదు. లక్ష్మణునితో కూడి రాత్రివేళ వచ్చి, పైకమంతయు చెల్లించి, రసీదు తీసికొని వెడలినాడు. తన గుడికే ఖర్చయినను, ఖజానా సొమ్ము ఖజానాకు చేరవలసినదేనని దేవుడే ఒప్పుకొన్నాడన్నమాట. ఉద్దేశము మంచిదైనంత మాత్రమున పరుల సొమ్ము మనది కాదు.

ఆ గోలకొండ కోట ఉన్న హైదరాబాదులోనే, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ సంస్థ అధ్యక్షుడు, లేని ధనమును లెక్కలలో ఉన్నట్లు చూపితినని తానే లేఖ వ్రాసినాడు. ఆ మొత్తము వేల కోట్ల రూపాయలు. మొదట స్వల్పమైన తేడా ఏటేటా పెరిగి చేయి దాటినదని ఆ లేఖలోనే ఉన్నది. లెక్కలో మొదటి అబద్ధము చిన్నదే. దానిని కాపాడుటకు రెండవది కావలసివచ్చును. ఇది క్రొత్త రోగము కాదు. ఖజానా సొమ్మును అపహరించు ఉపాయములను కౌటిల్యుడు అర్థశాస్త్రమున నలువదిగా లెక్కించినాడు.

పరుల దోషము చెప్పి నా దోషము దాచుట తగదు. సుమారు ముప్పదేండ్ల క్రితము ఒక శ్రావణమున, కార్తీక దీపమునకని ఒక వృద్ధురాలు నా చేతికి ఐదు వందల రూపాయలిచ్చినది. ఆ వారమే వానకు ఆలయ వంటశాల కప్పు కూలినది. ఆ సొమ్ము పెంకులకు ఖర్చుపెట్టితిని. దేవుని పనికే గదా అని సరిపెట్టుకొంటిని. కార్తీక శుద్ధ పాడ్యమినాటి సాయంకాలము ఆమె వచ్చి, "నా దీపమేది, అయ్యగారూ?" అని అడిగినది. నేను చదివిన చదువులో దానికి సమాధానము దొరకలేదు. నిజము చెప్పి, నా సంభావన సొమ్ముతో నెలంతయు దీపము వెలిగించితిని. ఆమె ఒక్క మాటయు అనలేదు. కాని మరల నా చేతికి పైకమీయలేదు. బాకీ తీరినది, నమ్మకము తిరిగి రాలేదు.

అందుచేతనే ఈ జీర్ణోద్ధరణమునకు పూనుకొన్ననాడు కార్యవర్గమువారికి ఒక విన్నపము చేసితిని. కలశములకని ఇచ్చినది కలశములకే, అన్నదానమునకని ఇచ్చినది అన్నదానమునకే వాడవలెను. మార్పు అవసరమైనచో ముందుగా దాతను అడుగవలెను. జమాఖర్చుల పట్టికను మండపమున అందరికి కనబడునట్లు ఉంచవలెను. వారు అంగీకరించినారు. గుడి ముంగిట పూలమ్ముకొను తల్లి ఇచ్చిన పది రూపాయలు అందులో ఉన్నవి. లక్షలిచ్చిన వారికెంత హక్కున్నదో, "ఇది ఎందుకు ఖర్చయినది?" అని అడుగుటకు ఆమెకును అంతే హక్కున్నది. అడిగినవారిపై కోపించు పెద్దకు ఆ పీఠము తగదు.

మీలో కార్యాలయములు, సంఘములు, కర్మాగారములు నడుపువారు గలరు. రేపు సంతకము చేయుటకు ముందు, ఎదుటనున్న సొమ్మును, చేతిలోనున్న అధికారమును చూచి ఒక్కసారి 'ఇది నాది కాదు' అనుకొనుడు. పిమ్మట కలము పట్టుడు.

స్వామి కటాక్షమున మీకందరకు ఆయురారోగ్య ఐశ్వర్యములు కలుగుగాక. స్వస్తి.